మెట్టసీమలో ఆకుతోట

పశ్చిమ ప్రకాశమని పేరుపడిన మార్కాపురము, కంభము, గిద్దలూరు సీమను గూర్చి దూరప్రాంతములవారు రెండు మాటలే యెరుగుదురు. ఒకటి పలక, రెండవది కరవు. పడమట నల్లమల, తూర్పున వెలికొండలు, వాని నడుమ గుండ్లకమ్మయు సగిలేరును పుట్టి చెరియొక దిక్కునకు పారు మెట్టభూమి. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటును. వానకాలమున మబ్బు కొండమీద నిలిచి, ఆశపెట్టి, క్రిందికి దిగకయే తరలిపోవుటయు కలదు. జొన్న, సజ్జ, కంది, ఆముదము వంటి గట్టి పైరులకే ఇచటి నేల అలవాటుపడినది. ఇట్టి మెట్టదేశమున ఏడాది పొడుగునను పచ్చగా నుండవలసినదియు, ఎండ సూటిగా తగిలిన కమలిపోవునదియు, నీరు నాలుగు దినములు తప్పిన వాడిపోవునదియు, ఆ నీరే మొదట నిలిచినచో కుళ్ళిపోవునదియు నగు ఒక సుకుమారమైన తీగను పెంచబూనుట సామాన్యమైన సాహసము కాదు. ఆ సాహసమునకే ఆకుతోట యని పేరు.

పూర్వులు ఈ తీగను గూర్చి వ్రాసినదంతయు చాలవరకు తాంబూలమును గూర్చి వ్రాసినదే. ఆకు నోటికి వచ్చిన పిమ్మటి కథను కవులు చెప్పిరి, ప్రభువులు విని మెచ్చిరి. ఆకు కొమ్మననున్నప్పటి కథ, అనగా దానికి నీడపట్టిన చెట్టును, నీరుపెట్టిన బావిని, ఆ బావి త్రవ్విన మనుష్యుని గూర్చిన కథ, గ్రంథములలో కంటె పన్నుల లెక్కలలోను, చెరువుకట్టల మీదను ఎక్కువగా నిలిచియున్నది. దానిని కొంత విచారించుట ఇచట ఉద్దేశము.

తెలుగునాట విశేషణ మేమియు లేకుండ ‘ఆకు’ అని పలికినచో అది తమలపాకే. ఆకువక్క యన్నను, ఆకుతోట యన్నను వేరొక యాకు ఎవ్వరికిని స్ఫురింపదు. (కోస్తా జిల్లాలలో ఆకుమడి యనునది వరినారు పోసిన మడి. దానికిని దీనికిని సంబంధము లేదు.) మలయాళ దేశమువారు దీనిని వెట్రిల యందురు. ఉత్త ఆకు అని దాని యర్థము. ఆ మాటయే పోర్చుగీసువారి నోటబడి, వారినుండి ఇంగ్లీషువారికి చేరి, ‘బీటెల్’ అయినది. అమరసింహుడు తాంబూలవల్లి, తాంబూలి, నాగవల్లి యను పేర్లు చెప్పినాడు. తాంబూలమునుండి తమ్ములము, దానినుండి తమలము వచ్చినవి. కాని కొందరు పండితులు తమలమును చూచి తమాలమనుకొని పొరబడుదురు. తమాలము నల్లని బోదె గల చెట్టు. తమాలపత్రమని వర్తకులు పిలిచినది లవంగపట్ట జాతి వృక్షపు ఆకు, అనగా నేడు మసాలా దినుసులలో వాడు ఆకుపత్రి. క్రీస్తుశకము ఒకటవ శతాబ్దిలో గ్రీకు నావికులు మన రేవులనుండి మాలబాత్రమను పేర కొనిపోయినది ఆ యాకునే కాని, తమలపాకును గాదు. తమలపాకు ఓడలో నెలల తరబడి నిలువదు. కోసిన నాలుగు దినములలో అమ్ముడు కావలెను. ఈ యొక్క గుణమువలననే దాని చరిత్ర యంతయు వేరుదారి పట్టినది. మిరియము సముద్రములు దాటి రాజ్యములను కదిలించినది. మిరియమునకు తోబుట్టువే యైనను తమలపుతీగ తన యూరి సంతను విడిచి దూరము పోజాలకపోయినది.

ఈ తీగ పుట్టినిల్లు భారతదేశము కాదనియు, మలయా మొదలగు ఆగ్నేయాసియా భూములనియు వృక్షశాస్త్రజ్ఞుల యభిప్రాయము. తాంబూల శబ్దము సైతము సంస్కృతమున పుట్టినది కాదనియు, ఆ తూర్పుభాషల కుటుంబమునుండి వచ్చినదనియు భాషావేత్తలు చెప్పుదురు. అచట వానయడవుల చీకటినీడలో ఇది మొదట నేలమీద ప్రాకును. కణుపు కణుపునను వేరు దింపుచు, ఆకులతో నేలను కప్పుచు పోయి, చెట్టు మొదలు తగిలినంతనే పైకెక్కును. దీనిలో ఆడుతీగ వేరు, మగతీగ వేరు. మన తోటలలో ఇది కాయ కాచుట అరుదు. విత్తనముతో దీనిని పెంచు తోటకాపు లేడు. ఒక తీగ కొనను త్రుంచి మరియొకచోట నాటుటయే దీనికి వంశవృద్ధి.

ఈ విషయము పైకి చిన్నదిగా కనబడినను ఆలోచింపదగినది. వరిగింజను గాదెలో దాచవచ్చును. జొన్నవిత్తును పాతరలో పెట్టి రెండేండ్లు కరవు గడిపి మరల చల్లవచ్చును. ఆకుతీగను దాచుటకు వీలులేదు. అది ఎక్కడనో ఒకచోట బ్రతికి యుండవలెను. నేడు ఒక తోటలో నున్న తీగ నిరుటి తోటలోని తీగయొక్క ముక్క, అది అంతకుముందరి తోటలోని తీగయొక్క ముక్క. ఇట్లు వెనుకకు పోయినచో మధ్యలో ఒక్క యేడును తెగకుండ, ఎవరో ఒకరు ప్రతి వేసవిలోను దానిని నీడపట్టి, నీరుపోసి కాపాడిరనుట నిశ్చయము. తాళపత్రగ్రంథమునకును ఇదియే గతి. తాటాకు చిరకాలము నిలువదు కనుక, పురుగు తినకముందే మరియొక తాటాకుమీద ప్రతి వ్రాయవలెను. ఒక తరము ప్రతి వ్రాయుట మానినచో గ్రంథము పోవును. ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను 1820 లో కడపకు వచ్చి, తన బంగళాలో పండితులను కూర్చుండబెట్టి పాతప్రతులను వ్రాయించిన కాలమున కంభము తాలూకా కడప జిల్లాలోనిదే. ఆయన చేసినది గ్రంథములకు నారునాటుట యనవచ్చును. తీగకు మాత్రము అట్టి దొర యొక్కడును లేడు. పేరెరుగని తోటకాపులే దానికి వ్రాయసగాండ్రు.

ఇక తోట వేయు విధము. ఇందులో మొట్టమొదటి సంగతి, ఆకుతోటలో మొదట నాటునది ఆకుతీగ కాదు. మొదట నీడను నాటుదురు. మురుగు నిలువని మంచి నేలను చూచి, లోతుగా దున్ని, ఎరువు తోలి, బోదెలు తీసి, వానకాలపు తొలినాళ్ళలో వరుసలుగా అవిసె విత్తుదురు. అవిసె తొందరగా ఎదుగు చెట్టు. కొన్ని నెలలలోనే మనిషి యెత్తు దాటును. దాని యాకు చిన్నది, కొమ్మ పలుచనిది. ఎండను పూర్తిగా ఆపక, జల్లెడ పట్టినట్లు క్రిందికి దింపును. వేప, చింతల నీడ ఇందుకు పనికిరాదు. అది చీకటి గాని నీడ గాదు. అవిసెలో మరియొక లాభము, అది పప్పుజాతి చెట్టగుటచేత దాని వేరు భూమికి సత్తువ నిచ్చును. కొట్టిన రెమ్మ మేకలకు మేత, పూవు కూరకు వచ్చును. తోట చుట్టును గాలివడి తగులకుండ అరటి పెట్టుటయు కొన్నిచోట్ల ఆచారము. ఇంత సిద్ధమైన పిదప, అవిసె మొక్కలకు కాస్త నీడ వచ్చినదని తోచినప్పుడు, ముదురుతోట నుండి తీగకొనలు మూడు నాలుగు కణుపుల వంతున కోసి తెచ్చి, రెండు కణుపులు మట్టిలో మునుగునట్లు అవిసె మొదట నాటుదురు.

నాటినది మొదలు అది పసిబిడ్డవంటిది. తొలినాళ్ళలో దినదినము తడి చూపవలెను. తరువాత నాలుగైదు దినముల కొకసారి నీరు కట్టినను, ఆ నీరు బోదెలో పారి పోవలెనే గాని మొదట నిలువరాదు. తీగ సాగుచున్నకొలది దానిని అవిసెమానికి జమ్ముతో గాని, అరటినారతో గాని వదులుగా కట్టుచు పోవలెను. బిగించి కట్టిన తీగ కోసుకొనిపోవును, కట్టకుండిన గాలికి ఊగి వేరువిడుచును. వానకాలమున నీడ ఎక్కువైనచో ఆకు పలుచబడి తెగులు తగులును కనుక అవిసె కొమ్మలు నరుకుదురు. ఎండకాలము వచ్చుసరికి ఆ కొమ్మలే మరల చిగిర్చి గొడుగు పట్టవలెను. నీడ తక్కువైన యాకు పసుపువారి, మందమై, కారము హెచ్చును. నీడను ఇట్లు హెచ్చించుచు తగ్గించుచు నుండుటయే తోటకాపు విద్యలోని ఆయువుపట్టు. దానిని కొలుచు పరికరమేదియు లేదు. మధ్యాహ్నవేళ తోటలో నిలుచుండి నేలమీద పడిన ఎండచుక్కలను చూచి ఎంత కొట్టవలెనో, ఎంత ఉంచవలెనో నిర్ణయింతురు.

ఏడాది తిరుగుసరికి తీగ అవిసెకొన నందుకొనును. క్రింది భాగమున ఆకు రాలి ఉత్త కాడ మిగులును. అప్పుడు తీగ దింపుట యను పని వచ్చును. కట్లు విప్పి, తీగను పైనుండి మెల్లగా దించి, బోడికాడను మొదట చుట్టగా చుట్టి, మట్టితోను ఎరువుతోను కప్పి, కొనను మాత్రము మరల చెట్టుకు కట్టుదురు. పాతిన కాడ కణుపు కణుపునను క్రొత్త వేరు దిగి తీగ మరల యౌవనము పొందును. కొన్ని దినములపాటు తోట యంతయు తీగ నేలమీదనే యుండును. అడవిలో అది మొదట ఎట్లు ప్రాకెనో ఆ పూర్వరూపము అప్పుడు కనబడును. దింపినప్పుడు కాడ విరుగకుండ చుట్టుటకు చేతివాటము కావలెను. ఒకసారి చూచినంతమాత్రమున వచ్చునది కాదు. ఆకు కోయుటయు అట్టిదే. కొన్నిచోట్ల బొటనవ్రేలికి ఇనుపగోరు తొడిగి తొడిమతో గిల్లుదురు. కోసిన యాకును కట్టలు కట్టి, తడిబట్టయో అరటాకో చుట్టి, గంపలకెత్తి ఆ రాత్రియే సంతకు పంపుదురు.

చెప్పులు విడువక ఆకుతోటలో అడుగుపెట్టనీయరు. తీగను లక్ష్మిగా భావించుట దీనికి కారణమని చెప్పుదురు. ఒక తోటలోని తెగులుమట్టి చెప్పులతో మరియొక తోటకు పోకుండుటకును ఇది యుపకరించి యుండును. ఈ నియమములో ఇంతవరకు మంచియే కలదు. కాని మడి పేరిట కొన్నిచోట్ల స్త్రీలను కొన్ని దినములును, కొన్ని కులములవారిని ఎల్లప్పుడును తోటవాకిట నిలిపివేసిన ఆచారమును కూడ దీనితో కలిపి పొగడుట తగదు. తీగకు తెలిసినది తడియు నీడయు మాత్రమే.

నీడ చెట్టు ఇచ్చినది. నీరెచటిది? ఇచటనే ఈ సీమ చరిత్ర మొదలగుచున్నది.

వరాహమిహిరుడు బృహత్సంహితలో వృక్షాయుర్వేదాధ్యాయమును ఆరంభించుచు, ఒడ్డున నీడలేని జలాశయము మనోహరముగా నుండదనియు, కనుక నీటిచెంత తోటలు వేయవలెననియు చెప్పినాడు. మెత్తని నేలయే చెట్లకు హితమనియు, మొదట నువ్వులు చల్లి పూతకు రాగానే ఆ నేలలోనే త్రొక్కివేయవలెననియు ఆయన చెప్పిన మాట నేటి పచ్చిరొట్ట ఎరువుల పద్ధతికి సరిపోవుచున్నది. అదే గ్రంథమున మరియొకచోట తాంబూల గుణములను కూడ ఆయన వర్ణించెను. అయితే వరాహమిహిరుడు నీరున్నచోట నీడ వేయుమన్నాడు. నీరు లేనిచోట మొదట నీటినే కల్పించుకొనవలసిన కష్టము కంభము సీమవారిది.

ఆ కల్పనకు గొప్ప సాక్ష్యము కంభము చెరువు. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మయు, జంపలేరును వచ్చి చేరుచోట, రెండు కొండల నడిమి సందును కట్టతో మూసి దీనిని నిర్మించిరి. కట్ట యెత్తు 57 అడుగులు, నీరు వచ్చి చేరు పరీవాహము 430 చదరపు మైళ్ళు, దీనిక్రింద సాగగు భూమి సుమారు 10,300 ఎకరములు అని గెజెటీర్ల లెక్క. ఇది 1509 నుండి 1529 వరకు రాజ్యమేలిన శ్రీకృష్ణదేవరాయల నాటిదని, గజపతి కూతురును రాయల దేవియు నగు వరదరాజమ్మ కట్టించినదని ప్రతీతి. ఆ గజపతిపుత్రిక రాయల యాదరణకు దూరమై కంభమున ఏకాంతముగా కాలము గడపినదనియు, తుక్కాపంచకమను అయిదు సంస్కృతశ్లోకములలో తన బాధ చెప్పుకొన్నదనియు మరియొక కథ కలదు. ఈ కథలో చరిత్ర యెంత, కల్పన యెంత యని తేల్చుట కష్టము. పేర్లు సైతము ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్పుదురు. కాని తనకు దక్కని యాదరణను ఒక స్త్రీ పరాయిదేశపు మెట్టపొలములకు నీరుగా ఇచ్చినదని జనులు నమ్మి అయిదువందల యేండ్లు చెప్పుకొనుచు వచ్చుటలో, ఆ నీటివిలువ వారికెంత తెలియునో కనబడుచున్నది.

గిద్దలూరునకు దక్షిణముగా కడప సీమలోనున్న పోరుమామిళ్ళ చెరువు దీనికంటె ముందటిది. మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఉదయగిరి నేలుచు కట్టించినది. అచటి 1369 నాటి శాసనము చెరువునకు ఉండవలసిన పండ్రెండు అంగములను, ఉండరాని యారు దోషములను లెక్కించి చెప్పుటయే గాక, వేయిమంది పనివారును, రాయి తోలుటకు నూరు బండ్లును రెండేండ్లు పనిచేసిన సంగతిని సైతము తెలుపుచున్నది. పనివారి సంఖ్యను రాతిమీద చెక్కించిన ప్రభువులు అరుదు. పూర్వులు సప్తసంతానములలో చెరువును, వనమును ప్రక్కప్రక్కన చెప్పుట ఊరక కాదు. ఒకటి లేనిచో రెండవది ఈ నేలమీద నిలువదు.

చెరువునీరు వరికి చాలును గాని ఆకుతోటకు చాలదు. చెరువు వేసవిలో అడుగంటును. ఆకుతోట వేసవిలోనే ఎక్కువ నీరడుగును. కనుక చెరువు పల్లమున బావి త్రవ్వుట తప్పనిసరి యయ్యెను. చెరువునుండి భూమిలోనికి దిగిన ఊటనీటినే ఆ బావులు పట్టి, ఎండకాలమున కపిలలతో పైకి తోడి, తోటలకిచ్చెడివి. రెండెడ్లు, ఒక తోలుబాన, ఒక తాడు, ఎడ్లవెంట ముందుకును వెనుకకును నడుచు మనిషి యొకడు. ఏటవాలు దారిలో దినమునకు ఎన్నిమారులు దిగి ఎక్కెనో లెక్కపెట్టినవారు లేరు. పైన పచ్చగా మెరయు ఒక్కొక్క యాకునకు క్రింద ఆ నడక కలదు.

ఇంత శ్రమయు పండి నగరులకు చేరిన కథ లోకమెరిగినదే కనుక విస్తరింపనక్కరలేదు. విజయనగర కొలువులలో రాజునకు ఆకుమడుపు లందించు అడపము పని నమ్మకమైనవారికి మాత్రమే దక్కు గౌరవము. పారశీక రాయబారి అబ్దుర్రజాకు 1443 లో విజయనగరమునకు వచ్చి, ఈ యాకును నమలు పద్ధతిని, దాని వలన ముఖమునకు వచ్చు కాంతిని వింతపడి వ్రాసికొన్నాడు. పెద్దనగారిదని చెప్పుకొను చాటువులో కవిత్వము చెప్పుటకు వలసిన సామగ్రి నడుమ కప్పురవిడెము కూడ కలదు. తిరుమల శాసనములలో స్వామికి నైవేద్యానంతరము సమర్పింపవలసిన ఆకులు ఇన్ని, వక్కలు ఇన్ని యని లెక్కవేసి కట్టడి చేసిన ధర్మములు పెక్కు. మాగెల్లనుతో ప్రపంచము చుట్టి వచ్చిన పిగఫెట్టా 1521 లో ఫిలిప్పీను దీవులలో జనులు ఇదే యాకును వక్కతో నములుట చూచి వ్రాసెను. ఇంచుమించు కంభము కట్ట లేచుచున్నదని చెప్పు కాలమదియే.

కొలువులోని తాంబూలమును వర్ణించినవారు వేలు. తోటలోని బావిని గూర్చి విచారించిన పాలకుడొకడు మాత్రము పన్నుల లెక్కలలో కనబడుచున్నాడు. 1800 లో నిజాము ఈ దత్తమండలములను ఇంగ్లీషు కంపెనీకి అప్పగించిన పిమ్మట థామస్ మన్రో ఏడేండ్లు ఇచట ప్రధాన కలెక్టరుగా నుండి, పొలము పొలము కొలిపించి, మెట్ట, మాగాణి, తోట యని తరములు కట్టించెను. తోటకు శిస్తు హెచ్చు. కొలత ముగిసిన తరువాత 1807 లో ఆయన చేసిన సిఫారసు గమనింపదగినది. శిస్తును సాధారణ భూములన్నిటికి నూటికి 25 వంతులు తగ్గింపవలెననియు, బావులక్రిందను, ఏళ్ళనుండి వాగులనుండి యంత్రములతో తోడిన నీటిక్రిందను సాగగు భూములకు మాత్రము నూటికి 33 వంతులు తగ్గింపవలెననియు, అయితే ఆ బావులను కట్టలను రైతులే తమ ఖర్చుతో బాగుచేసికొనవలెననియు ఆయన వ్రాసెను. 25 కును 33 కును నడుమనున్న ఆ 8 వంతులు చిన్న సంఖ్యయే. కాని దొరతనపు లెక్కలో కపిలతోలువాని నడకకు దొరికిన స్థానము ఆ 8 వంతులే. ఆ సిఫారసు వెంటనే అమలు కాలేదు. 1808 లో గ్రామములను కౌళ్ళకిచ్చు పద్ధతి వచ్చి, రైతులు అవస్థపడి, మన్రో 1820 లో మద్రాసు గవర్నరై మరల వచ్చిన పిమ్మటగాని శిస్తు తగ్గింపునకు దారి యేర్పడలేదు. రైతు సొంతఖర్చుతో త్రవ్వుకొన్న బావికి అదనపు పన్ను వేయరాదను సూత్రము ఆ శతాబ్దములో క్రమముగా స్థిరపడెను.

కంపెనీ రాకకు చాల ముందే ఈ న్యాయము వేరొక పేర ఇచట నుండెడిది. చెరువుగాని బావిగాని త్రవ్వించినవానికి దశబంధమని మాన్యము ఇచ్చెడివారు. పేరునుబట్టి పదియవ వంతు. త్రవ్వినంత మాత్రమున గాక, దానిని చెడకుండ కాపాడుచున్నంతవరకు ఆ మాన్యము చెల్లును. కాపాడుటకు కూడ కూలి కలదని గుర్తించుట ఇందులోని విశేషము. కంభము తాలూకా 1858 లో కడపనుండి కర్నూలు జిల్లాకును, 1970 లో క్రొత్తగా ఏర్పడి తరువాత ప్రకాశమని పేరుపొందిన జిల్లాకును మారినది. జిల్లా మారిన ప్రతిసారియు దస్తరములు మారినవి. ఆ మార్పులలో మాన్యములు నిలిచినవి నిలిచినవి, చెరువుల సంరక్షణ మాత్రము ఎవరిదో తెలియని పని యయినది.

గ్రామలెక్కలలో ఒక చిత్రము కలదు. అడంగలులో సర్వే నెంబరు వ్రాసి, తరము వ్రాసి, పైరు తమలపాకు అని వ్రాసెడివారు. కరణపు పదవులు 1984 లో రద్దగువరకును ఆ లెక్క అట్లే సాగినది. నీటియాధారము బావి యని ఒక గడిలో పడును. అవిసెకు గడి లేదు. తోటకంతకును ఆధారమైన ఆ చెట్టు పైరును కాదు, ఫలవృక్షమును కాదు, కలపయు కాదు. ఎండు తెగులు సోకినదనియో, నీరు చాలలేదనియో రైతు తోట తీసివేసినచో మరుసటి యేట ‘జొన్న’ అని వ్రాయబడును. ఒక తోట పోయినదనిగాని, ఆ తోటతో ఒక తీగవంశము తెగిపోయినదనిగాని ఆ కాగితము చెప్పదు. పైరు మారినదని మాత్రము చెప్పును.

తోటలు తరుగుటకు కారణములు పెక్కు. వానిలో తెగులు పాతశత్రువు. తడినేలలో పుట్టి మొదలు కుళ్ళించి పదిదినములలో వరుసలకు వరుసలు మాడ్చు ఎండు తెగులునకు ఫ్రాన్సుదేశపు ద్రాక్షతోటలలో 1880 ప్రాంతమున కనిపెట్టిన మైలుతుత్తము, సున్నముల బోర్డో మిశ్రమమే నేటికిని ముఖ్యమైన మందు. రెండవది వాడుక తగ్గుట. ఇందులో కొంత మేలును కలదు. వక్క నములుట పుండుకురుపు రోగమునకు, అనగా క్యాన్సరునకు, కారణమగునని అంతర్జాతీయ పరిశోధనసంస్థ 2004 లో నిర్ధారించినది. పుగాకు సంగతి అంతకుముందే తెలిసినదే. దోషము వక్కది, పుగాకుది. కాని వానిని పొట్లములలో నింపి అమ్మిన వ్యాపారము మిగిలి, పచ్చియాకు వెనుకబడుట విచారకరము. పెండ్లికి, పేరంటమునకు, హనుమంతుని యాకుపూజకు మాత్రము ఆకు లేక జరుగదు. ఆ యాకు నేడు చాలవరకు దూరపు తోటలనుండి, పెన్నయొడ్డున చెన్నూరు వంటి చోట్లనుండి, బస్సులపై వచ్చును.

మూడవది నీరు. ఇదియే ఈ సీమలో అన్నిటికంటె ప్రధానము. కపిలలు పోయి కరెంటు మోటార్లు వచ్చినప్పుడు తోటకాపులు సంతోషించిరి, సంతోషింపదగినదే. పిమ్మట బోరుబావులు వచ్చినవి. బోరు లోతుకు పోయినకొలది దరిబావి ఎండినది. తన పొలములో బావి త్రవ్వినవాడు దాని ఊటను చూచి ఎంత తోట వేయవలెనో నిర్ణయించుకొనెడివాడు. బావి అడుగు కంటికి కనబడును కనుక దురాశకు హద్దుండెడిది. బోరులో నీరెంత యున్నదో పైకి కనబడదు. జొన్నచేనికి నీరు తగ్గినచో కంకి చిన్నదగును. ఆకుతోటకు వేసవిలో పదిదినములు తగ్గినచో మొదట అవిసె ఆకు రాల్చును, నీడ పోవును, ఆపై రెండు మూడు దినములలో తీగ మాడును. మరుసటి యేట వానలు కురిసినను నాటుటకు కొన దొరకదు. పొరుగున తోట మిగిలియున్ననే మరల మొదలు. ఈ తీగకు విత్తనపు కొట్టు లేదు, పొరుగుతోటయే కొట్టు.

కంభము చెరువునకు, పోరుమామిళ్ళ చెరువునకు 2020 లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘము వారసత్వకట్టడములను గుర్తింపు నిచ్చినది. కర్నూలు కడప కాలువకును అప్పుడే వచ్చినది. గౌరవమునకు సంతోషమే. పూడిక తీయుటకు ఆ పత్రము చాలదు. వెలిగొండ ప్రాజెక్టునకు 1996 లో శంకుస్థాపన జరిగి, కృష్ణనీటిని నల్లమల క్రిందుగా తెచ్చు రెండు సొరంగముల త్రవ్వకము ముగిసినదని 2024 లో ప్రకటించిరి. ఆ నీరు పొలములకు పారి, చెరువులు నిండి, ఊట మరల బావులకు దిగినప్పుడు, నాటుటకు తీగ ఈ సీమలో ఎక్కడనో ఒకచోట బ్రతికియుండవలెను గదా.

ఆ తీగ ఇప్పుడు తోటలలో కంటె ఇండ్ల దొడ్లలో ఎక్కువగా నున్నది. స్నానపు నీరు పోవుచోట, ఉత్తరపు గోడనీడలోనో మునగచెట్టు మొదటనో, పెద్దవారు నాటిన ఒక తీగ. దానికి పన్ను లేదు, లెక్క లేదు. ఎండకాలమున పాతగోనె యొకటి పైన కట్టుదురు. పట్టించుకొనని యిండ్లలో అది చెట్టునెక్కక నేలమీదనే ప్రాకి, అరుగు ప్రక్కనంతయు పచ్చగా పరచుకొని, కణుపు కణుపునను వేరు దింపుచుండును. చీరకట్టును, పళ్ళెమును సిద్ధము చేసి, ఆకు మరచినామని గుర్తుకువచ్చిన ఇల్లాలు పొరుగింటి దొడ్డికి పోయి అయిదాకులు త్రుంచుకొనును. దానికి వెల లేదు, అడిగి కోసికొనుటయే మర్యాద. కూతురిని క్రొత్తకాపురమునకు పంపునప్పుడు ఒడిబియ్యముతో కూడ తీగకొన యొకటి తడిగుడ్డలో చుట్టి ఇచ్చు తల్లులు ఈ ప్రాంతమున ఇంకను కలరు. బస్సు దిగువరకు ఆ గుడ్డ ఆరకుండ చూచుకొని, చేరిన దినముననే ఆమె దానిని నీళ్ళతొట్టి ప్రక్కన నీడన నాటును.